వైద్యపటములును గృహిణియు



గృహిణి యింటి భాండాగారమునకు అధికారిణి యని పెద్దలు చెప్పుదురు. బియ్యము, పప్పు, నేయి మొదలుకొని పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, బంగారము కుదువపెట్టిన రశీదు వఱకు ఏ వస్తువు ఎచ్చట నున్నదో ఇల్లాలే యెఱుగును. ఈ కాలమున ఆ భాండాగారమునకు మఱియొక వస్తువు వచ్చి చేరినది. అది ఆసుపత్రులవా రిచ్చు పటముల సంచి. ఎక్స్‌రే ఫిల్ములు, సీటీ స్కాను పటములు, ఎమ్మారై పటములు, గర్భిణుల స్కానింగు కాగితములు పెద్ద పెద్ద కవరులలో ఇంటికి వచ్చి, కొంతకాలము బీరువాపైని, కొంతకాలము పరుపు క్రిందను, తుదకు అటకమీదను నివసించుచుండును. ఈ మాసము ఆ సంచినిగూర్చి మీతో ముచ్చటింప దలచితిమి.

మేము పల్నాటి సీమలో నూజెండ్లయందు బడిపంతులుగారి యింట నుండుటచే, ఊరివారికి చదువరాని కాగితములు మా అరుగుమీదికి వచ్చుచుండును. పూర్వము జాబులును, మనియార్డరు చీటీలును వచ్చెడివి. ఇప్పుడు ఆసుపత్రి రిపోర్టులు వచ్చుచున్నవి. వానిని చూడగా చూడగా మాకొక సంగతి బోధపడినది. పటము తీయించుటకు జనులు వేలకొలది రూపాయలు వెచ్చింతురు గాని, దానిని దాచుటయందును, ఒక ఆసుపత్రినుండి వేఱొక ఆసుపత్రికి చేర్చుటయందును శ్రద్ధ వహింపరు. ఇంటిల్లిపాది పటములను దాచునది ఆడుది. అవి ఎవరికి చూపవలెనో నిర్ణయించువాడు మగవాడు. ఆ దాచిన దాని స్వంత పటములు మాత్రము ఎవరి లెక్కలోను నుండవు. ఈ మూడు మాటలలోనే మేము చెప్పదలచినదంతయు నున్నది. ఇక వివరింతుము.

మొదట ఈ పటముల పుట్టుక తెలిసికొందము. 1895వ సంవత్సరమున జర్మనీ దేశమందలి వుర్జ్‌బర్గు పట్టణములో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అను ఆచార్యుడు నవంబరు 8వ తేదీన తన ప్రయోగశాలలో ఒక అపూర్వ కిరణమును కనుగొనెను. దాని స్వరూప మింకను తెలియకపోవుటచే, గణితములో తెలియని రాశికి పెట్టు ఎక్స్ అను అక్షరమునే దానికి పేరుగ నుంచెను. డిసెంబరు 22వ తేదీన తన భార్య అన్నా బెర్తాగారి చేతిని ఆ కిరణముల కెదురుగ నుంచి పటము తీసెను. మాంసము నీడవలె సన్నగిల్లి, ఎముకలును, వ్రేలి యుంగరమును స్పష్టముగ గానవచ్చెను. లోకమున ప్రసిద్ధికెక్కిన మొదటి ఎక్స్‌రే పటము ఒక యిల్లాలి చేయియే గదా! 1901లో భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమాన మాయనకే లభించెను. తరువాత 1971 అక్టోబరు 1వ తేదీన లండనునందలి అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో ఒక రోగి తలను పొరలుపొరలుగ చూపు పటము తీసిరి. అదియే సీటీ స్కాను. ఆయనకును, అలన్ కార్మాక్ అను మఱియొక శాస్త్రజ్ఞునకును 1979లో నోబెల్ బహుమాన మిచ్చిరి. కిరణములతో నిమిత్తము లేక అయస్కాంత శక్తిచే దేహమధ్యమును చూపు ఎమ్మారై యంత్రము తరువాత వచ్చినది. గర్భిణులకు తీయు స్కానింగు మన చెవికి వినరాని ధ్వనితో పని చేయును. అందును ఎక్స్‌రే కిరణములు లేవు.

ఉంగరమనగానే మనకు శకుంతల కథ జ్ఞప్తికి వచ్చును. ఆనవాలుగ నిచ్చిన యుంగరము త్రోవలో నీట జారిపోయినది. రాజసభకు వచ్చిన సాధ్విని రాజు గుర్తింపలేకపోయెను. ఆమెయందు దోషము లేదు. ఆనవాలు మాత్రమే ఆమెతో కూడ రాలేదు. మన రోగుల గతియు చాలమాఱు లిట్లే యుండును. రోగి పెద్ద ఆసుపత్రికి చేరును. మొదటి ఆసుపత్రిలో తీసిన పటము చేరదు. ఎదుట నున్న వైద్యుడు ఎంత ప్రవీణుడైనను మునుపటి స్థితి యెఱుగక మరల మొదటినుండి ఆరంభింపవలసినదే.

మా మండలమున జబ్బు ముదిరినవారి త్రోవ యిట్టిది. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. అచ్చట కుదరనిచో వినుకొండ. అటనుండి, 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా యేర్పడినది మొదలు మనకు ముఖ్యపట్టణమైన నరసరావుపేట. ఇంకను పెద్ద వ్యాధియైనచో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రియో, మంగళగిరి ఎయిమ్సో, లేక విజయవాడ, హైదరాబాదులందలి ప్రైవేటు ఆసుపత్రులో. ఒక్క రోగమునకు నాలుగు గుమ్మములు. గుమ్మము మాఱినప్పుడెల్ల మరల పటము తీయుదురు. ఇది యంతయు ధనాశచేతనే యని మేము నిందింపము. రోగము దినదినము మాఱునది గనుక క్రొత్త పటము అవసరమగుటయు కలదు. పాత పటము మసకగ నుండుటయు కలదు. కాని పాతది చేతికందకపోవుటచే మాత్రమే తీసిన క్రొత్త పటము వృథావ్యయము. అందులోను సీటీ స్కానునకు కిరణముల మోతాదు హెచ్చు. ఒక ఛాతీ సీటీ స్కానులో దేహమునకు తగులు కిరణము పదులకొలది ఛాతీ ఎక్స్‌రేలతో సమానము. అవసరమైనచో తీయించుకొనుటకు వెఱవవలదు. అనవసరముగ రెండుమాఱులు తీయించుకొనవలదు. పసిపిల్లల విషయమున ఈ జాగ్రత్త మఱింత ముఖ్యము. గర్భిణియైనను, గర్భమను అనుమానము కలిగినను ఎక్స్‌రే గదిలో అడుగు పెట్టకముందే ఆ మాట చెప్పవలెను.

పాత పటము వలన ప్రయోజనమేమని కొందఱడుగుదురు. ఒక్క యుదాహరణము చెప్పుదుము. ఊపిరితిత్తులో చిన్న మచ్చ యొకటి కనబడిన దనుకొనుడు. అది పూర్వము మానిన క్షయవ్యాధి మచ్చయా, లేక క్రొత్తగ పుట్టిన దుష్టవ్రణమా అని పటమొక్కటి చూచి నిర్ణయించుట కష్టము. రెండేండ్లనాటి పటములో అదే మచ్చ అదే పరిమాణమున కనబడినచో, అది గట్టి మచ్చయైన పక్షమున, సాధారణముగ భయపడ నక్కఱలేదని వైద్యులు చెప్పుదురు. పాత పటము లేనిచో మరల మరల స్కానులు తీయవలసి వచ్చును, ఒక్కొక్కప్పుడు సూదితో ముక్క తీసి పరీక్షింపవలసి వచ్చును. అటకమీది కవరొకటి ఒక మనిషిని నెలల భయమునుండి తప్పింపగలదు. స్తనముల పరీక్షకు తీయు మామోగ్రాము విషయమునను ఇంతే. ఈ యేటి పటమును నిరుటి పటముతో పోల్చి చూచినప్పుడే చిన్న మార్పు పట్టుబడును.

ఇంతకన్న మనకు దగ్గఱి సంగతి కాన్పు. మన దేశాచారము ననుసరించి ఆడపిల్ల తొలికాన్పునకు పుట్టింటికి వచ్చును. ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో సారెతో, చీరెతో, గాజులతో వచ్చును. అదివఱకు అత్తవారి యూర ఒక వైద్యురాలు చూచియుండును. ఇక్కడ వేఱొక వైద్యురాలు కాన్పు చేయవలెను. మా వీధిలోని యొక పిల్ల ఇట్లే హైదరాబాదునుండి ఎనిమిదవ నెల దాటిన పిమ్మట వచ్చినది. కొన్ని దినములు గడచిన తరువాత దగ్గఱి పట్టణమున వైద్యురాలికి చూపగా, ఆమె అడిగిన మొదటి మాట, “అమ్మా, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగు ఏదీ?” అని. పిల్ల తెచ్చిన సంచిలో మందుల చీటీలు, రక్తపరీక్షలు ఉన్నవిగాని ఆ కాగితము లేదు. అల్లుడు ఫోనులో పంపినది చివరి స్కానులోని ఒక్క పుట. అదియు సగము నీడ.

మొదటి స్కానింగునకు అంత గొప్పతన మేల? గర్భము తొలి మూడు నెలలలో శిశువు పొడవును కొలిచి వయస్సును అయిదాఱు దినముల తేడాలో చెప్పవచ్చును. చివరి నెలలలో శిశువులు ఒకరు బొద్దుగ, ఒకరు సన్నగ పెరుగుదురు గనుక, అప్పుడు కొలిచి చెప్పిన వయస్సు రెండు మూడు వారములు తప్పవచ్చును. ఆ పిల్లకు నెలసరి తేదీ సరిగ జ్ఞాపకము లేదు. కాన్పు గడువు దాటినదో, ఇంకను రాలేదో వైద్యురాలు నిశ్చయింపలేక పోయెను. గడువు దాటినచో ఆలస్యము శిశువునకు ముప్పు. గడువు రానిచో తొందరపడుట శిశువునకు ముప్పు. తల్లి రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడవనాడు హైదరాబాదులో ఆమె వియ్యపురాలు బట్టల బీరువా అడుగున ఆ కవరును కనుగొని, రిపోర్టు పుటలన్నియు తీసి పంపినది. గడువు దాటి నాలుగు దినములైనదని తేలినది. వెంటనే ఆసుపత్రిలో చేర్చుకొనిరి. తల్లియు బిడ్డయు సుఖముగ నున్నారు. ఆ రెండు రాత్రుల వేదనకు హేతువు రోగము కాదు, దారిద్ర్యము కాదు. బీరువా అడుగున మఱచిన ఒక్క కాగితము.

కావున మా మొదటి విన్నపము. ఆడపిల్లను పుట్టింటికి పంపునప్పుడు సారెసామగ్రితో పాటు స్కానింగు కవరులనన్నిటిని పంపుడు. మొదటి మూడు నెలలలో తీసినదియు, అయిదవ నెలలో శిశువు అవయవములను చూచుటకు తీసిన టిఫా స్కానును తప్పనిసరిగ ఉండవలెను. ఆ టిఫా స్కానునందు శిశువు అవయవములను గాక మాయ యెచ్చట అంటుకొన్నదో కూడ చెప్పుదురు; కాన్పు చేయు వైద్యురాలికి అది తెలియవలెను. కాన్పు ముగిసి పిల్ల అత్తవారింటికి మరలునప్పుడు, తల్లి బిడ్డల కాగితములను మరల ఆమె వెంటనే పంపుడు. వియ్యపురాండ్రిద్దఱు ఈ విషయమున ఒక్కమాట మీద నుండుట రెండిండ్లకును క్షేమము.

ఇక పటమెట్టిది యుండవలెనో తెలిసికొందము. ఈ కాలమున యంత్రము తీయు చిత్రము ఫిల్ముమీద కాక కంప్యూటరులో పుట్టును. ఫిల్ము దాని నకలు మాత్రమే. ఒక్కొక్క కంపెనీ యంత్రము ఒక్కొక్క భాష మాటలాడినచో ఒకరి చిత్రము మఱియొకరు తెరవలేరు గనుక, అమెరికా దేశమందలి రేడియాలజిస్టుల సంఘమును, యంత్రములు చేయువారి సంఘమును 1983లో కూడి ఒక కట్టుబాటునకు పూనుకొనిరి. మొదటి కట్టుబాటు 1985లో వెలువడినది. 1993లో డైకామ్ అను పేరుతో రూపు దిద్దుకొన్నది. నేడు లోకమంతటను ఈ పద్ధతినే అనుసరించుచున్నారు. దీని విశేష మేమనగా, చిత్రముతో పాటే రోగి పేరు, వయస్సు, తీసిన తేదీ, తీసిన యంత్రము, కొలతలు మొదలగునవి ఆ ఫైలులోనే ఇమిడియుండును. హనుమంతుడు లంకకు తీసికొనిపోయిన యుంగరముమీద రామనామ మంకితమై యుండుటచే సీతమ్మ నమ్మినది గదా. అట్లే ఈ ఫైలు తన ఆనవాలును తనతోనే మోసికొనిపోవును. ఇట్టి ఫైలులను ఆసుపత్రిలో భద్రపఱచు కంప్యూటరు ఖజానాను ప్యాక్స్ అందురు.

ఫిల్మును ట్యూబులైటున కెదురుగ పట్టి ఫోనుతో ఫోటో తీసి వాట్సాపులో పంపినచో చాలదా యని మీ రడుగవచ్చును. ఆపత్సమయమున ఏమియు లేనిదానికన్న అది మేలే. కాని అది నకలునకు నకలు. ఒక సీటీ స్కానునందు వందలకొలది పొరల చిత్రములుండును. ఫిల్ముమీద వానిలో కొన్నింటినే యచ్చువేయుదురు. మూల ఫైలుండినచో వైద్యుడు వెలుగు నీడలను మార్చి, ఒకమాఱు ఎముకను, ఒకమాఱు ఊపిరితిత్తును విడివిడిగ చూడగలడు. ఫోటోలో ఆ వీలు లేదు. పైగా వాట్సాపు సాధారణముగ ఫోటోను కుదించి పంపును. పంపక తప్పనిచో ఫోటోగ గాక డాక్యుమెంటుగ పంపుడు, చిత్రము చెడదు. రిపోర్టు వేఱు, పటము వేఱు అనుటయు మఱవకుడు. రిపోర్టు ఒక వైద్యుని అభిప్రాయము. రెండవ వైద్యుడు స్వయముగ చూచి నిర్ణయింప గోరినచో పటము కావలెను.

అందుచే స్కాను తీయించిన దినముననే, డబ్బు చెల్లించు చోటనే, “అయ్యా, ఫిల్ముతోపాటు సీడీ గాని, పెన్‌డ్రైవులో ఫైలు గాని ఇవ్వండి” అని అడుగుడు. కొందఱు ఫోనునకు లింకు పంపుదురు. అది యెన్ని దినములు పనిచేయునో అడిగి, గడువు తీరకముందే దింపుకొనుడు. సీడీ గీతలు పడి చెడును. క్రొత్త కంప్యూటరులలో సీడీ పెట్టుటకు చోటు కూడ నుండుట లేదు. కావున చదువుకొను పిల్లలచే దానిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, రెండు చోట్ల నుంచుడు. ఇది అడుగుటకు సంకోచ మక్కఱలేదు. 2002లో భారత వైద్యమండలి చేసిన నియమములలో, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన వారి రికార్డులను చికిత్స మొదలైన నాటినుండి మూడేండ్లు దాచవలెననియు, రోగి గాని, రోగి అధికారమిచ్చిన వారు గాని అడిగినచో 72 గంటలలో ఇవ్వవలెననియు స్పష్టముగ నున్నది. మూడేండ్ల పిమ్మట వారియొద్ద ఉండునను నమ్మకము లేదు. మనయొద్ద నుండవలసినదే.

పటములను ఒక చోటినుండి మఱియొక చోటికి తంతులేకుండ పంపుట మన తెలుగునాట క్రొత్త కాదు. చిత్తూరు జిల్లాయందలి అరగొండ గ్రామమున అపోలో ఆసుపత్రివారు నెలకొల్పిన దూరవైద్య కేంద్రమును, హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2000 మార్చి 24వ తేదీన ఆరంభించెను. పల్లెలో తీసిన పటమును ఉపగ్రహము ద్వారా నగరమందలి నిపుణుడు చూచి సలహా చెప్పుట అప్పుడొక వింత. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట ఆసుపత్రులు రోగుల పరీక్షలను, పటములను కంప్యూటరు ద్వారా ట్రస్టునకు పంపి శస్త్రచికిత్సకు అనుమతి తెచ్చుకొనుట అలవాటైనది. ఆ పథకమే ఇప్పుడు ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ యను పేరుతో నడచుచున్నది. 2019లో కేంద్రప్రభుత్వము వారు ఆరంభించిన ఈ-సంజీవని ద్వారా పల్లెలోని ఆరోగ్యకేంద్రమునుండి పెద్ద ఆసుపత్రి వైద్యునితో మాటలాడ వచ్చును. పటములు ప్రయాణము చేయుచునే యున్నవి. కాని అవి కార్యాలయమునుండి కార్యాలయమునకు పోవుచున్నవి. రోగి చేతిలోనుండి పోవుట లేదు.

ఈ కొఱతను తీర్చుటకై 2020 ఆగస్టు 15వ తేదీన ప్రకటించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికిని విస్తరించిన ఏర్పాటే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. దానిలో చేరినవారికి 14 అంకెల ఆభా సంఖ్య యొకటి లభించును. దీనిలో చేరుట స్వచ్ఛందము. మన పటములన్నియు ఢిల్లీలో ఒకచోట పోగుపడునని కొందఱు భయపడుదురు; ఏర్పాటు అట్లు లేదు. ఏ ఆసుపత్రిలో తయారైన రికార్డు ఆ ఆసుపత్రి కంప్యూటరులోనే యుండును. రెండవ ఆసుపత్రివారు కోరినపుడు, ఎవరు అడుగుచున్నారు, ఎందులకు, ఏ తేదీనుండి ఏ తేదీవఱకు గల రికార్డులు, ఎన్ని దినములవఱకు చూతురు అను వివరములతో మన ఫోనునకు కబురు వచ్చును. మనము సరేయనవచ్చును, కాదనవచ్చును, సరేయన్నదానిని పిమ్మట రద్దు చేయవచ్చును. మొదటి ఆసుపత్రియు, రెండవదియు ఈ ఏర్పాటులో చేరియున్నప్పుడే ఇది ఫలించును. రిపోర్టు వచ్చినంతమాత్రమున మూలపటము వచ్చినట్లు కాదు. కావున ఆభా ఉన్నదని ఇంటి సంచిని పారవేయకుడు.

ఇచ్చట మేము ముఖ్యముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. ఆ కబురు ఎవరి ఫోనునకు వచ్చును? మా యూర మేము చూచినంతలో, ఇల్లాండ్రలో ననేకులకు ఆధారునకు గాని, ఆభాకు గాని ఇచ్చిన ఫోను నంబరు భర్తదో, కొడుకుదో. రహస్యసంఖ్య వారి ఫోనులోనే మ్రోగును. అనగా ఆమె గర్భాశయపు స్కానును ఎవరు చూడవచ్చునో అనుమతించువాడు ఆమె కాదు. చాల ఇండ్లలో దీనివలన కీడు లేదు. భర్తయే ఆసుపత్రికి తీసికొనిపోవును, ధనమిచ్చును, రాత్రులు మేలుకొనును. అయినను దేహము ఎవరిదో సమ్మతియు వారిదే కావలెను. ఇంటిలో ఒక చిన్న ఫోనైనను ఇల్లాలి పేర నుండవలెను. ఆ సంఖ్యనే ఆధారునకును, ఆభాకును ఇచ్చుకొనవలెను. రహస్యసంఖ్యను ఫోనులో అడిగిన పరాయివారికి ఎన్నడును చెప్పరాదు.

వాట్సాపు విషయమును ఇచ్చటనే చెప్పుదుము. కోడలి స్కానింగును బంధువుల గ్రూపులో పెట్టి, “ఎవరికైనా మంచి డాక్టరు తెలిస్తే చెప్పండి” అని అడుగుట మేము పలుమాఱులు చూచితిమి. సదుద్దేశమే గాని, ఆ పటముమీద ఆమె పేరు, వయస్సు, ఆమె మర్మము అన్నియు నున్నవి. ఒకమాఱు పంపినది మరల చేతికి రాదు. వైద్యునకు చూపుట వేఱు, ఊరికి చూపుట వేఱు. స్కానింగులో పుట్టబోవునది ఆడో మగో అడుగుటయు, చెప్పుటయు 1994 నాటి చట్టముచే నేరము. ఆ పటము ఎందఱి చేతులలో పడిన అంత ప్రమాదము. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు ఒక చట్టము చేసినది. చట్టము వచ్చినను అజాగ్రత్త పోదు. 2019లో జర్మనీ దేశపు గ్రీన్‌బోన్ అను సంస్థవారు వెదకగా, 52 దేశములలో రమారమి 2 కోట్ల 40 లక్షల రోగుల రికార్డులు తాళము లేని కంప్యూటరులలో ఎవరైన చూడదగినట్లు పడియుండెను. ఆ దేశములలో మనదియు నొకటి. 2022 నవంబరున ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటరులను దుండగులు స్తంభింపజేయగా, కొన్ని దినములు వైద్యులు కాగితము, కలముతోనే పని నడపిరి. అట్టి సమయమున రోగి చేతిలోని సంచియే శరణ్యము. ఇంట నున్నదియు, కంప్యూటరులో నున్నదియు ఒకదానికొకటి తోడు. ఒకటి యుండగా రెండవది యేల యనరాదు.

సంచిని సిద్ధపఱచు పద్ధతి కష్టమైనది కాదు. ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గట్టి కవరు కావలెను. అందఱి పటములను ఒకే సంచిలో కలుపరాదు. ఒకరి పటము మఱియొకరి పేర వైద్యుని ముందు పడుట ప్రమాదము. కవరు పైని పేరు, తేదీ, ఊరు, ఏ యంగము, ఏల తీసిరి అను అయిదు సంగతులు పెద్ద అక్షరములతో వ్రాయవలెను. వ్రాత కవరుమీదనే గాని ఫిల్ముమీద కాదు. ఫిల్మును మడువరాదు, తడి తగులనీయరాదు, రెంటి నడుమ పలుచని కాగిత ముంచవలెను. ఇప్పుడు యంత్రములు వేడిచే అచ్చువేయు ఫిల్ములు వేడికి నల్లబడును. పల్నాటి ఎండలలో రేకుల క్రిందను, పొయ్యి చెంతను ఉంచరాదు. క్రొత్త పటమును పైని, పాతదానిని క్రిందను పేర్చవలెను. ఆసుపత్రికి పోయినప్పుడు ఎన్ని ఫిల్ములు ఇచ్చితిమో లెక్కించి, అన్నియు మరల తీసికొనవలెను. శస్త్రచికిత్స గదికి లోనికి పంపిన ఫిల్ములు మరచుట తఱచు. ఈ పని పండుగకు ముందు ఇల్లు సర్దునప్పుడు ఒక పూటలో ముగియును.

తుదిగ నొక మాట. ఏ యింట చూచినను మామగారి గుండెపటము, భర్త వెన్నుపూస పటము, పిల్లవాని చేతి ఎక్స్‌రే భద్రముగనే యున్నవి. ఇల్లాలి పేరుగల కవరు మాత్రము కానరాదు. “నాకేముందమ్మా, బాగానే ఉన్నాను” అని ఆమె తన పటమును ఎచ్చటనో పడవైచినది. తనకై దాచుకొనుట స్వార్థమను భావము మనలో నాటుకొనియున్నది. అది స్వార్థము కాదు. ఆమె మంచమెక్కిననాడు ఆ యింట పొయ్యి వెలుగదు; ఆనాడు ఆమె ఆనవాలు వెదకువారికి దొరకవలెను. ఈ మాసమున సంచులు సర్దు సోదరీమణులు మొదటి కవరుపై తమ పేరే వ్రాసికొందురుగాక యని మేము కోరుచున్నాము.